మంగళవారం పట్టిన చేప

ఆ ఏడాది కవళ్ళ చేపలు ఎంత దట్టంగా వచ్చాయంటే, పడవ దిగి వాటి వీపుల మీద నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చేయవచ్చు. నేను వచ్చాను కూడా. మా ఎన్సువానో రేవులో ఈ మాట ఎవరూ నమ్మరు, చెప్పేది నేను కాబట్టి. కానీ అంత చేప పడిన ఏడు మా ఇంటి పొయ్యి ఆరిపోయిన సంగతి ఎవరినడిగినా చెబుతారు. దానికి నేను కలపాల్సింది ఏమీ లేదు.

కవళ్ళ కాలం మొదట్లోనే దొరసానికి తీరం చూడాలని బుద్ధి పుట్టింది.

దొర పేరు లోవెల్ ప్రూట్. మా చర్చి పాస్టరు. దొరసాని పేరు వెర్నా. అమెరికాలో చలికి సరస్సులే గడ్డకట్టే ఊరి నుంచి వచ్చి కొన్నేళ్ళుగా మా మధ్యే ఉంటున్నారు. దొర ఎంత పొడుగంటే, ఆదివారం ప్రార్థనకు తల వంచడం శనివారం సాయంత్రమే మొదలుపెట్టేవాడు. దొరసాని టోపీ నీడలోకి వచ్చిన కోళ్ళు పొద్దుగూకిందనుకుని నిద్రపోయేవి. ఇద్దరూ మంచివాళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి సందు దొరక్కపోవచ్చు.

దొర ఇంగ్లీషులో ప్రసంగం చేస్తే నేను పక్కన నిలబడి మా ఫాంటీ భాషలోకి మార్చేవాణ్ణి. మిషను బడిలో నేను నేర్చుకున్నవి రెండే, ఇంగ్లీషూ, గోడ దూకడమూ. యోనాను చేప మింగిన కథ వచ్చినప్పుడు, ఆ చేప ఏ రేవులో పడిందో, దాని బేరానికి మా ఊరి ఆడవాళ్ళు ఎవరెవరు జుట్టూ జుట్టూ పట్టుకున్నారో కూడా కలిపి చెప్పాను. జనం బల్లల మీద పడి నవ్వారు. పై ఆదివారం చర్చి నిండిపోయింది. అది పరిశుద్ధాత్మ కార్యం అన్నాడు దొర. నేను కాదనలేదు.

ముందు వరసలో కూర్చున్న మా నాన్న మాత్రం నవ్వేవాడు కాదు. మా నాన్న క్వామెనా ఎజిర్. నా మాటలు పట్టించుకోకుండా దొర ముఖమే చూసేవాడు. కిందటేడు ఆయనకు జ్వరం తలకెక్కి మనుషుల్ని గుర్తుపట్టని స్థితిలో ఉంటే, దొరసాని జీపులో పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని కేప్ కోస్ట్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగి వచ్చినవాడు వచ్చినట్టే బాప్తిస్మం తీసుకున్నాడు.

"మా దేశం తిరిగి వెళ్ళేలోగా ఒక్కసారి ఈ తీరమంతా అన్వేషించాలని ఉంది, ఎబో," అంది దొరసాని చర్చి మెట్ల మీద. "ఆ కొండ అవతల పాత కోట ఉందట కదా. ఒక్క రోజు చాలు. భోజనం కట్టుకుని వెళదాం."

కొండ అవతలికి రోడ్డు లేదు. పడవ మీద పోవాల్సిందే. కవళ్ళ కాలంలో ఊరికే పడి ఉండే పడవ దొరికేది ఒక్క మంగళవారమే.

మంగళవారం సముద్రానిది. ఆ రోజు మా రేవులో ఎవరూ చేపలు పట్టరు. వలలు కుట్టుకుంటారు, పాత తగాదాలు తీర్చుకుంటారు, కొత్తవి మొదలుపెడతారు. నేను పుట్టింది మంగళవారమే, ఎబో అన్న పేరు దాని వల్లే వచ్చింది. సముద్రమే పనిచెయ్యని రోజున పుట్టినవాడితో పని చేయించడం ఏం ధర్మమని అమ్మతో వాదించేవాణ్ణి.

అమ్మ ఉండేది తన వాళ్ళ ఇంట్లో. నాన్నా నేనూ ఉండేది నాన్న వాళ్ళ ఇంట్లో. పొద్దు వాలేసరికి అమ్మ వండి, గిన్నె చెల్లి నెత్తిన పెట్టి పంపేది. మా ఊళ్ళో కాపురమంటే ఆ గిన్నె రావడమే. నాన్న పట్టిన చేపలు అమ్మే బేరమాడి కొనేది, పొయ్యిల మీద పొగబెట్టి సంతకు పంపేది. మొగుడు కదా అని ఆమె ఒక్క చేప ఎక్కువ అడిగేది కాదు, పెళ్ళాం కదా అని ఆయన ఒక్క చేప ఎక్కువ వేసేవాడు కాదు.

దొరసాని ముచ్చట చెవిన పడగానే అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది.

"మంగళారం పడవ దింపుతావా? ఆ జ్వరం ఇంకా దిగలేదా నీకు?"

"వల పట్టుకెళ్ళను గదే," అన్నాడు నాన్న. "చేప పట్టకూడదన్నారు గానీ నీళ్ళ మీద తేలకూడదన్నారా?"

"ఆ తెలివి నాకు కాదు, మీ మామకి చెప్పు."

నాన్నకు మేనమామ అబాకా తాత. రేవులో పడవలన్నిటికీ ఆయనే పెద్ద. మేం తోలే పడవ కూడా వాళ్ళ ఇంటి సొత్తే. మాలో ఆస్తి కొడుక్కి రాదు, మేనల్లుడికి పోతుంది. మామ నుంచి నాన్నకు వచ్చిన పడవ, నాన్న తర్వాత మా మేనత్త కొడుకు యూఫీ బావకు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ పడవ అడుగున నాచు గీకే పని మొత్తం బావకే వదిలేశాను.

తాత ముక్కుపొడి పీల్చి, తుమ్ము వచ్చేదాకా మమ్మల్ని నిలబెట్టి, అప్పుడు అడిగాడు.

"దొరకి సముద్రం దేనికంటరా?"

"చూడ్డానికి తాతా," అన్నాను.

"ఇక్కణ్ణించి కనబడ్డం లేదా?"

"వెనక వైపు కూడా చూస్తారంట."

తాత నా వంక కాక నాన్న వంక చూశాడు.

"క్వామెనా, అడిగింది నువ్వు కాబట్టి ఒప్పుకుంటన్నా. వల ఎక్కకూడదు. గాలం ఎక్కకూడదు. బుట్ట కూడా ఎక్కకూడదు. పడవలో పొలుసు ముక్క కనబడకూడదు. అప్పుడది పడవ కాదు, తేలే దుంగ. దుంగ మీద ఎవడైనా ఊరేగనీ. ఒక్కటే చెప్తన్నా, నా మాట నిలబెట్టు. మేనల్లుడికో న్యాయం, ఊరికో న్యాయం అనిపించుకునే వయసు కాదు నాది."

"అలాగే మామా."

ఈ షరతు నేను దొరకు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు. వల, గాలం, బుట్ట, పొలుసు. దొర తలూపి, "తప్పకుండా, తప్పకుండా," అన్నాడు. ఆయన తలూపితే నమ్మకపోవడం కష్టం. అంత ఎత్తు నుంచి కిందికీ పైకీ వెళ్ళి రావాలి మరి.

సోమవారం నాన్నా, బావా, నేనూ పడవను కడిగి కడిగి దాని పుట్టుమచ్చలు కూడా పోగొట్టాం. వలలన్నీ దింపి ఇసక మీద ఊరందరికీ కనబడేలా ఆరేశాడు నాన్న. మంగళవారం పొద్దున్నే దొరసాని సామానుతో దిగింది. గొడుగు, కెమెరా, దుర్భిణి, మడత కుర్చీలు, పిట్టల బొమ్మల పుస్తకం, ఫ్లాస్కు, రొట్టెల బుట్ట, దాని మీద కప్పిన గళ్ళ గుడ్డ. ఆ సామానుతో ఓ చిన్న దేశాన్ని ఆక్రమించుకోవచ్చు. బుట్ట చూసి నేను కంగారుపడ్డాను. తాత చేపల బుట్ట గురించే అన్నాడని నాన్న సర్దిచెప్పాడు. వలలు కుట్టుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు, పడవలో కాళ్ళూ కుర్చీలూ తప్ప ఏమీ కనబడక మళ్ళీ తలలు దించుకున్నారు.

సముద్రం ఆ రోజు నూనె పోసినట్టు ఉంది. నాన్న మోటారు దగ్గర కూర్చున్నాడు, నేను ముందు కొసన. దొర తీరం వంక చెయ్యి చాపి, ఇది ఏమిటి, అది ఏమిటి అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిదాన్నీ ఆయన దొరసానికి మళ్ళీ చెప్పేవాడు, ఆమె అబ్బురపడేది. మా ముత్తాతలు పుట్టి, పెరిగి, ఒకరినొకరు కొట్టుకుని పోయిన తీరాన్ని దొర ఆ పొద్దున కనిపెట్టాడు. ఒక వాగుకు తన చెల్లెలి పేరు పెట్టుకుంటానన్నాడు. దానికి ఇప్పటికే పేరు ఉందని చెప్పాను. ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆ పేరు ఒక శరీరభాగానిది. దొరసాని పిట్టల పుస్తకం తెరిచింది.

కోట దగ్గర ఇసకలోకి దిగాం. గోడలు బూజు పట్టి, నల్లగా ఉన్నాయి. సముద్రం వైపు ఒక్క సన్నని గుమ్మం ఉంది, మనిషి పక్కకు తిరిగితే గాని పట్టడు. దొర అందులోంచి పోబోయి తల కొట్టుకున్నాడు.

"ఇక్కడ ఏమి నిల్వ చేసేవారు, ఎబో?" అంది దొరసాని.

"మనుషుల్ని, దొరసానీ. కొన్నవాళ్ళ ఓడలు వచ్చేదాకా."

ఆమె టోపీ సర్దుకుంది. తర్వాత బుట్ట తెరిచి నాకో బిస్కెట్టు ఇచ్చింది. తియ్యగానే ఉంది.

గోడ నీడలో కుర్చీలు వేసుకుని తిన్నారు. నాన్న వాళ్ళు ఇచ్చిన రొట్టె తీసుకుని కొంచెం దూరంగా కూర్చుని, సముద్రం వంక చూస్తూ తిన్నాడు. ఆయన ఆ రోజు సంతోషంగా ఉన్నాడు. ఈ మాట నేను పెంచి చెప్పడం లేదు. దొరసాని వచ్చి పక్కనే ఇసకలో కూలబడి, "నీ వల్ల చూడగలిగాను," అని చెయ్యి పట్టుకుని ఊపినప్పుడు, ఆయన నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. మనం కూడా ఒకళ్ళకి ఏదన్నా ఇవ్వగలం రా, అన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు కొండ నీడలో మోటారు ఆపమన్నాడు దొర, పిట్టల కోసం. దొరసాని దుర్భిణి పెట్టుకుంది. దొర బుట్టలో రొట్టెల అడుగు నుంచి గుడ్డ చుట్టిన కర్రముక్కలు తీసి ఒకదానిలో ఒకటి బిగించడం మొదలుపెట్టాడు. ముందు అది గొడుగేమో అనుకున్నాను. చివర దారం వచ్చాక గొడుగు అనుకోవడం మానేశాను.

"దొరా, అది గాలం."

"ఇది చేపలు పట్టడం కాదు, ఎబో," అన్నాడు నవ్వుతూ. "ఆట. చిన్నప్పుడు మా నాన్నతో సరస్సు మీద ఆడేవాణ్ణి. నీ వయసప్పుడు."

నాన్నకు చెప్పాను. వద్దని చెప్పమన్నాడు. నేను దొర వైపు తిరిగేసరికి దారం నీళ్ళలో ఉంది.

మా ఊరివాళ్ళు గాలం వేస్తే మధ్యాహ్నం దాకా కన్నెత్తి చూడని చేపలు అవి. ఆ రోజు సెలవని ధీమాగా తిరుగుతున్నట్టున్నాయి. వేసీ వెయ్యగానే కర్ర వంగింది. దొర లేచి నిలబడ్డాడు, పడవ ఊగింది, దొరసాని కేక పెట్టింది, చెయ్యంత పొడుగు ఎర్రచేప ఒకటి ఎగిరి కుర్చీల మధ్య పడింది. దొర ముఖం పదేళ్ళ పిల్లాడి ముఖంలా అయింది. దొరసాని కెమెరాకు పని చెప్పింది.

"వదిలెయ్యమను," అన్నాడు నాన్న.

"వదిలెయ్యమంటున్నాడు, దొరా."

దొర చేప దవడలోంచి కొక్కెం తీశాడు. నీళ్ళ మీదికి చెయ్యి చాపాడు కూడా. చాపినవాడు ఆగి, నాన్న ముఖం చూశాడు. అంతసేపూ ఉన్న పిల్లాడు పోయి, ఆదివారం పాస్టరు వచ్చాడు.

"సహోదరుడు ఎజిర్‌ని అడుగు. ఈ చేపను చేసింది ఎవరు?"

అడిగాను.

"దేవుడు," అన్నాడు నాన్న.

"మంగళవారాన్ని చేసింది ఎవరు?"

"దేవుడే."

"మరి తాను ఎవరికి భయపడుతున్నాడో అడుగు."

ఆ నిమిషంలో నేను ఏదన్నా చెప్పి ఉండవచ్చు. ఈ చేప విషమనో, దీన్ని చూస్తే ఆడవాళ్ళకు గడ్డాలు మొలుస్తాయనో. నా నోట్లో అలాంటివి ఎప్పుడూ నిలవ ఉంటాయి. కానీ దొర అడుగుతున్నది నాన్ననని, నాన్న చెబుతున్నది దొరకని నాకు తెలుసు. మధ్యలో నేను గోడకు కన్నం లాంటివాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

దొర చేపను నాన్న చేతుల్లో పెట్టాడు. "భయపడితే అతన్నే పారెయ్యమను."

చేప నోరు తెరిచి మూస్తోంది. నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని చూస్తూ ఉన్నాడు. పడవ కొంచెం కొంచెంగా కొండ నీడలోంచి ఎండలోకి జరిగింది. నాన్న వంగి, చేపను కాళ్ళ దగ్గర చెక్క మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, మోటారు తాడు లాగాడు.

దారి పొడుగునా దొర ఒక్కడే పాట పాడుకున్నాడు.

ఒడ్డుకు వచ్చేసరికి రేవంతా జనమే. మంగళవారం కదా, ఎక్కడి వాళ్ళక్కడ వలలు కుట్టుకుంటున్నారు. చేప మీద గళ్ళ గుడ్డ కప్పాను నేను. దొరసాని గుడ్డ తీసి, చేప దవడకు తాడు గుచ్చి, దాన్ని పైకెత్తి పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. ఆమెకు వచ్చిన నాలుగు ఫాంటీ ముక్కల్లో ఒకటి దానికి సరిపోయింది.

"చేప," అంది అందరికీ చూపిస్తూ. చాలా స్పష్టంగా పలికింది.

సూదులు ఆగిపోయాయి. పిల్లలు కూడా పరిగెత్తుకు రాలేదు. యూఫీ బావ పడవ లాగడానికి నీళ్ళలోకి దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. జనం వెనక కుర్చీలో కూర్చున్న అబాకా తాత లేచి, కర్ర తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు తాత పాక ముందు ఊరు చేరింది. దొర కూడా వచ్చాడు. ముందుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, "చేపను పట్టింది నేను. శిక్ష నాకు వెయ్యండి," అన్నాడు. నేను చెప్పాను.

"దొరకి ఏం వేస్తాం," అన్నాడు తాత. "ఆయనకి పడవ లేదు, వల లేదు, ఈ సముద్రంతో పని లేదు. వాన పడిందని వానని కొడతామా?" నాన్న వైపు తిరిగాడు. "గొర్రెని తే. జిన్ను సారా సీసా తే. తెల్ల గుడ్డ కట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి, తప్పయిందని నీ నోటితో సముద్రానికి చెప్పు. చెప్పేదాకా పడవ ఇసక దిగదు. పొద్దున చెప్తే మధ్యాహ్నమే వేటకి పో. నీకు ఇంతకన్నా తగ్గించలేను, క్వామెనా. నా మాట మీద ఎక్కావు ఆ పడవ."

"ఇది నా విశ్వాసి చెయ్యలేడు," అన్నాడు దొర. "చేస్తే చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి తిరిగి రాలేడు."

అమ్మ జనంలోంచి తోసుకుని వచ్చింది. "అయ్యా, తమరే ఆ గొర్రె తెచ్చి ఇచ్చెయ్యకూడదా? చేప తమరు తిన్నారు గదా."

"మీ ఆకలికి పది గొర్రెలిస్తాను, అమ్మా. విగ్రహానికి ఒక్క వెంట్రుక ఇవ్వలేను."

"సముద్రం విగ్రహమెప్పుడయింది?" అంది అమ్మ. "దానికి ముక్కుందా, చెవులున్నాయా?"

నవ్వు రావాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. అందరూ నాన్న వంక చూస్తున్నారు. కవళ్ళు ముంగిట్లో ఉన్నాయి. ఈ నెలల్లో పట్టిందే ఏడాదంతా తిండి, వల నూలు, చెల్లి చదువు.

"గొర్రె ఉంది మామా," అన్నాడు నాన్న చివరికి. "నీ మాట పోగొట్టాను, నీ కాళ్ళు పట్టుకుంటాను. సముద్రానికి మాత్రం చెప్పలేను. చేప చేతిలో ఉన్నప్పుడు పారెయ్యాల్సింది. పారెయ్యలేదు. ఇప్పుడు నీళ్ళలో నిలబడి ఏడిస్తే, అప్పుడాడింది అబద్ధమో, ఇప్పుడాడేది అబద్ధమో నాకే తెలీదు."

తాత కాళ్ళు పట్టుకున్నాడు. తాత లేవదీశాడు. పడవ బోర్లించారు.

తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పడానికి నా దగ్గర తమాషాలేమీ లేవు. పొద్దున పడవలు వెళ్ళేవి, మధ్యాహ్నం అంచుల దాకా మునిగి వచ్చేవి. ఊరంతా పొలుసే. కుక్కలు చేపలు చూసి ముఖం తిప్పుకునేవి. మా పడవ వీపు మీద పిల్లలు జారుడుబండ ఆడుకునేవారు. నేను బావతో కలిసి వేరేవాళ్ళ పడవ ఎక్కబోతే, ఆ పడవవాడు కళ్ళు తిప్పుకుని, "నీ మీద కోపం లేదురా ఎబో, మీ నాన్న తేల్చుకోనీ," అన్నాడు. నాన్న చర్చి ఆవరణలో గడ్డి కోసేవాడు. దొరసాని రొట్టెలు పంపేది.

అమ్మ వేరే పడవల దగ్గర చేపలు కొనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు అమ్మారు. తర్వాత ఒకావిడ పైకే అనేసింది, సముద్రం వెలేసినవాడికి ఏ పొయ్యి మీద కూడు ఉడుకుతుందో ఆ పొయ్యికి మా చేప ఇవ్వం అని. అమ్మ ఆ రోజు ఆమెను జుట్టు పట్టుకుని ఇసకలో ఈడ్చింది. మర్నాడు కూడా ఎవరూ చేప ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. అమ్మ కింద పొగ పొయ్యిల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వేరేచోటికి పోయారు.

ఒక సాయంత్రం చెల్లి వచ్చింది. నెత్తిన గిన్నె లేదు. ముందు గదిలో గోడకు ఆనుకుని, కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది.

"అమ్మ పంపలేదు," అంది. "నేనే వచ్చా."

నాన్న ఆమెను దగ్గరికి పిలిచి, జడలు సరిచేసి, "పొద్దు పోతంది, ఇంటికి పో తల్లీ," అన్నాడు. ఆయనా అమ్మా పోట్లాడుకోవడం ఆ తర్వాత ఎవరూ వినలేదు. పోట్లాడుకోవడానికి గిన్నె అయినా ఉండాలి కదా.

దొరవాళ్ళు వెళ్ళే ముందు ఆదివారం వీడ్కోలు ఆరాధన జరిగింది. చర్చి నిండుగా ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. దొర బల్ల మీద రెండు చేతులూ ఆనించి మొదలుపెట్టాడు.

"ఈ తీరంలో మేము గడిపిన దినాలన్నిటిలోకీ ఒక మంగళవారాన్ని మా దేశంలో ప్రతి సంఘానికీ చెబుతాము."

చెప్పాను.

"ఆ దినాన ఒక మనిషి తన చేతుల్లో చేపను పట్టుకుని, తన పితరుల భయాన్ని సముద్రంలో పారవేశాడు."

చెప్పాను.

"అతనికి ఏ హానీ జరగలేదు. సముద్రం నిమ్మళంగా ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది. అతడు మన మధ్యనే ఉన్నాడు."

అదీ చెప్పాను. నా నోటి నుంచి అంత నికార్సయిన అనువాదం ఆ చర్చి అంతకుముందు విని ఉండదు. నా మాట కోసం ఎప్పుడూ నోళ్ళు తెరిచి కూర్చునే జనం తమ కాళ్ళ వంక చూసుకున్నారు. ముందు వరసలో నాన్న లేచి నిలబడ్డాడు, నిలబడమని దొర చేత్తో సైగ చేశాడు కాబట్టి. ఆయన చొక్కా భుజాల మీద వేరేవాడి చొక్కాలా వేలాడుతోంది. దొరసాని కళ్ళు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చింది ఆమె.

జీపు వెళ్ళిపోయింది. కొత్త పాస్టరును పంపిస్తారన్నారు. చర్చికి తాళం వేసి, తాళంచెవి నాన్నకు ఇచ్చారు.

కాలం చివర్లో అబాకా తాత ఇంటివాళ్ళు కూర్చున్నారు. ఇంటి పడవ కవళ్ళ కాలమంతా బోర్లపడి ఉంటే ఎండకు చెక్క పగులుతుందన్నారు. అది నిజమే. పడవ యూఫీ బావకు ఇచ్చేశారు. సముద్రానికి తప్పు చెప్పుకునే ముందురోజు బావ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"మామా, నీ తరఫున నేను నీళ్ళలో నిలబడతా. తర్వాత పడవ నువ్వే తోలుకో."

"నా తరఫున ఏమీ చెప్పకు," అన్నాడు నాన్న. "నీ తరఫున చెప్పుకో. కుడిపక్క అడుగున చెక్క ఒకటి వదులైంది, దింపేముందు తారు పెట్టు."

బావ తెల్ల గుడ్డ కట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాడు. తాత సముద్రంలో జిన్ను పోశాడు. గొర్రెను కోశారు. మర్నాడే పడవ వేటకు పోయింది. కవళ్ళు వెళ్ళిపోయే రోజులు, అయినా మధ్యాహ్నానికి పడవ అంచుల దాకా నిండి నీళ్ళకు ఒరుసుకుంటూ వచ్చింది.

పడవ వచ్చినప్పుడు దుంగల మీద దాన్ని ఇసక పైకి తోసేవాళ్ళు కావాలి. ఎవరైనా తొయ్యవచ్చు. ముసలాళ్ళూ, పని లేనివాళ్ళూ, దారిన పోయేవాళ్ళూ చెయ్యి వేస్తారు, తోసిన ప్రతివాడికీ పిడికెడు చేపలు ఇస్తారు. నేను కుడిపక్క భుజం ఆనించి తోస్తున్నాను. పదం పాడుతూ అందరం ఒక్కసారి ఊపు ఇచ్చినప్పుడు, నా పక్కన కొత్తగా ఒక భుజం ఆనింది. తిరిగి చూడకుండానే ఎవరిదో తెలిసింది. ఆ భుజం పక్కనే కూర్చుని పెరిగినవాణ్ణి.

పడవ పైకి చేరింది. అందరూ వరసగా లుంగీ కొంగులు చాపారు. నాన్న కూడా చాపాడు. బావ తట్టతో వస్తూ వస్తూ ఆయన దగ్గర ఆగి, సగం తట్ట ఆ కొంగులో వంపేశాడు.

నాన్న కొంగులోంచి పిడికెడు తీసి పక్కన ఇసక మీద పెట్టుకుని, మిగతా చేపలన్నీ తట్టలో పోసేశాడు.

"తోసినోడికి ఇంతే గదరా."

"ఇది నీ పడవే మామా," అన్నాడు బావ.

"నా పడవైతే తొయ్యను గదా, పైన కూర్చుంటా."

వరసలో ఎవరో నవ్వబోయి దగ్గారు. నాన్న తన చేపలు ఏరుకుని కొంగులో వేసుకున్నాడు. బావ అక్కడే నిలబడి ఇటూ అటూ చూసి, నాన్న తిరిగిచ్చినవన్నీ నా కొంగులో పోశాడు. నేను కొంగు బిగించి కట్టుకున్నాను.

సాయంత్రం ఇంట్లో నేనే పొయ్యి రాజేశాను. రెండు కొంగుల చేపలూ కలిపి ఒకే మూకుడులో వేయించాను. ఏవి ఎవరివో నాన్న అడగలేదు. ముళ్ళు ఒక్కొక్కటీ తీసి పళ్ళెం అంచున పెట్టుకుంటూ, కడుపు నిండా తిన్నాడు.